ఒక వంతెన, నాలుగు బల్లలు, ‘ఎందుకైనా మంచిది’

కాంక్రీటు క్యూబును పగలగొట్టడం దగ్గరుండి చూసినవారికి తెలుసు, అది ఉన్నట్టుండి పగలదు. ఎటు చూసినా 15 సెంటీమీటర్లుండే ఆ దిమ్మను యంత్రం పళ్లేల మధ్య పెట్టి మీట తిప్పితే ముల్లు నింపాదిగా పైకి వెళ్తుంది. 700 కిలోన్యూటన్లు దాటాక అంచుల దగ్గర సన్నగా చిటపటలు మొదలవుతాయి. ఎం40 కాంక్రీటయితే, పోసిన 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్లు మోయవలసినదన్నమాట, ముల్లు 900 దాటాలి. అంటే అరచేయి కంటే కాస్త పెద్దదైన ఆ దిమ్మ సుమారు 90 టన్నులు, నిండుగా ఇసుక నింపిన పెద్ద టిప్పర్లు మూడు తన మీద నిలబడ్డంత బరువు మోయాలి. ఆ రోజు ముల్లు 830 దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

ప్రకాశం జిల్లాలో ఒక వాగు మీద చిన్న వంతెన పని అది. నేను నాణ్యత పరీక్షల వైపు ఉన్నాను. అసలు పనికి ముందు పోసి చూసే ట్రయల్ మిక్సులో సిమెంటు 30 శాతం తగ్గించి, ఆ స్థానంలో థర్మల్ స్టేషన్ బూడిద కలిపాం. 28 రోజులకు రావలసిన బలం రాలేదు. కాంట్రాక్టరు తరఫు ఇంజినీరు చురుకైన కుర్రవాడు, కంగారు పడలేదు. “క్యూబిక్ మీటరుకు ఒక బస్తా పెంచేద్దాం సార్, ఎందుకైనా మంచిది” అన్నాడు. నేనూ సరేనన్నాను. సంతకం నాదే. క్యూబులను నీళ్లలో నానబెట్టే క్యూరింగ్ తొట్టిలో మూలన మిగిలిపోయిన మూడు క్యూబులు మరో నాలుగు వారాలకు గుర్తొచ్చాయి. వాటిని పగలగొట్టి చూస్తే ముల్లు 990కి చేరింది. బూడిద తన పని తాను చేసుకుంటూనే ఉంది, మేమే ఆగలేదు. అప్పటికే పునాదులన్నీ అదనపు బస్తాతో లేచిపోయాయి.

బస్తా అంటే 50 కిలోలు. అది తయారయ్యేటప్పుడు గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ 42 కిలోల పైమాటే. వెయ్యి క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పట్టే వంతెనకు ఒక్క ‘ఎందుకైనా మంచిది’ ఖరీదు 42 టన్నులు. ఇలాంటి మాట ఒక వంతెన పనిలో ఎన్ని నోళ్ల నుంచి వస్తుందో లెక్క వేస్తే, వంతెనల కర్బన భారం గురించి సగం అర్థమైనట్టే.

రాయిలో దాగిన వాయువు

సిమెంటు మీద ఇంత నింద ఎందుకంటే చాలామంది కొలిమిలో మండే బొగ్గును చూపిస్తారు. అందులో దాని వాటా సగం కూడా ఉండదు. పాతకాలపు సున్నపు బట్టీ చూసినవారికి అసలు సంగతి సులువుగా బోధపడుతుంది. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తగ్గిన 44 కిలోలూ ఆ రాయిలో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడే. కొలిమిని బొగ్గుతో కాల్చినా, ఎండ నుంచి తీసిన కరెంటుతో కాల్చినా అది బయటికి రాక తప్పదు. పల్నాడు, కడప, నంద్యాల వైపు ఫ్యాక్టరీల్లో 1450 డిగ్రీల వేడి దగ్గర సున్నపురాయి, మట్టి కలిసి క్లింకర్ గుళికలవుతాయి. వాటిని కాస్త జిప్సంతో కలిపి పొడి చేస్తే సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు. టన్ను సిమెంటుకు రాయి నుంచి వచ్చేది, ఇంధనం నుంచి వచ్చేది కలిపితే దాదాపు 850 కిలోల వాయువు.

నెల్లూరు రైతు ఈ అంకెను మరిచిపోయే అవకాశం లేదు. మన పుట్టి ధాన్యం కూడా 850 కిలోలే. టన్ను సిమెంటుకు ఒక పుట్టి వాయువు అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక ఉక్కు. ప్రపంచ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7, 8 శాతమైతే ఉక్కు వాటా కూడా ఇంచుమించు అంతే. ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను ఊడదీయడానికి ఇప్పటికీ ఎక్కువగా బొగ్గే దిక్కు. మన దేశంలో సగటున టన్ను ఉక్కుకు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ఈ రెండు అంకెలతో ఒక క్యూబిక్ మీటరు ఆర్‌సీసీ (కడ్డీలు వేసిన కాంక్రీటు) లెక్క కట్టి చూడండి. సిమెంటు 400 కిలోలనుకుంటే 340 కిలోల వాయువు. కడ్డీలు 120 కిలోలనుకుంటే 300 కిలోలు. కంకర, ఇసుక, కలపడం, మోయడం అన్నీ కలిపినా 40 కిలోలకు మించడం అరుదు. మొత్తం 680 కిలోలు. ముప్పాతిక పుట్టికి పైనే.

ఇక్కడ గమనించవలసింది కడ్డీల వాటా. గ్రీన్ సిమెంటు గురించి సభలు జరుగుతాయి, ప్రకటనలు వస్తాయి. కడ్డీల మాట ఎవరూ ఎత్తరు. కానీ మన దేశపు ఉక్కుతో లెక్క కడితే అవి సిమెంటుతో దాదాపు సమానంగా తూగుతున్నాయి. సైట్లో అందరికీ నోటికి వచ్చిన సూత్రం ఒకటుంది: కడ్డీ వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలో. 16ది 1.58 కిలోలు. రెండు సైజులు తెప్పించి విడివిడిగా పేర్చడం తలనొప్పి అని, 12 చాలిన చోట కూడా అదే ఎడంతో 16 వేయించిన పనులు నేను చూశాను. బరువు మూడు పావులకు పైగా పెరుగుతుంది. అది డ్రాయింగులోనే ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ తప్పుగా కనిపించదు.

కడ్డీ ఎక్కడ పుట్టిందన్నదీ ముఖ్యమే. పాత తుక్కు కరిగించి తీసిన ఉక్కు భారం చాలా తక్కువ. బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ ఎక్కువగా కలిపితే భారం పెరుగుతుంది. దుకాణంలో రెండూ ఒకే రంగులో, ఒకే ధరకు అటూ ఇటుగా దొరుకుతాయి. కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులో గ్రీన్ స్టీల్‌కు కొలబద్ద ప్రకటించింది. టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలుంటేనే ఆ పేరు, 1.6 కంటే తగ్గితే అయిదు నక్షత్రాలు. కొనేవాడు అడిగినప్పుడే ఆ నక్షత్రాలకు విలువ. చిన్న వంతెన టెండరులో ‘ఏ గ్రేడు కడ్డీ’ అని మాత్రమే ఉంటుంది, ‘ఎన్ని నక్షత్రాలు’ అని ఉన్న టెండరు నా కంట పడలేదు.

నాలుగు బల్లలు

ఒక వంతెనకు కనీసం నలుగురు లెక్కలు వేస్తారు. వాగులో ఎంత వరద వస్తుందో, ఎంత వెడల్పు వదలాలో చెప్పేవారు ఒకరు. నేలలో బోర్లు వేసి పునాది ఎంత లోతుకు వెళ్లాలో చెప్పేవారు మరొకరు. పియర్లు (నిలువు స్తంభాలు), వాటి మీద పరిచే గర్డర్లు (దూలాలు), స్లాబు గీసే డిజైనరు మూడో మనిషి. కాంక్రీటు మిక్సు తేల్చి కట్టేవారు నాలుగో మనిషి. నలుగురివీ వేరువేరు బల్లలు, తరచూ వేరువేరు ఊళ్లు. ఒక బల్ల మీది కాగితం రెండో బల్లకు చేరేసరికి దాని మీద ‘ఎందుకైనా మంచిది’ ఒక పది శాతం ఎక్కి ఉంటుంది. ఆ సంగతి రెండో మనిషికి తెలియదు. ఆయన తన పది శాతం వేస్తాడు. నాలుగు బల్లలు దాటేసరికి 1.1ను నాలుగుసార్లు హెచ్చించినట్టు, 1.46. నియమావళిలో ముందే ఉన్న భద్రతా గుణకాలు వీటికి వేరు. ఈ 46 శాతం ఎవరూ నిర్ణయించింది కాదు, ఎవరి పుస్తకంలోనూ లేదు.

ఇదంతా నేను గుండ్రని అంకెలతో చెబుతున్నాను, ప్రతి వంతెనలో అచ్చంగా ఇలాగే జరుగుతుందని కాదు. కానీ రెండో బల్లను దగ్గర నుంచి చూద్దాం. ఆరు పియర్ల వంతెనకు రెండు బోర్లు మాత్రమే వేశారనుకోండి. రెండింట్లో ఒక చోట గట్టి నేల అయిదు మీటర్లు ఎక్కువ లోతులో తగిలింది. మిగతా నాలుగు పియర్ల కింద ఏముందో తెలియదు కాబట్టి డిజైనరు అన్నింటినీ ఆ లోతుకే దింపుతాడు. ఆయనను తప్పుపట్టలేం, నేనైనా అదే చేస్తాను. 1.2 మీటర్ల వ్యాసం పైలు (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభం) అయిదు మీటర్లు పెరిగితే అయిదున్నర క్యూబిక్ మీటర్లకు పైగా కాంక్రీటు, మూడు టన్నులకు మించిన వాయువు. ఆ లోతు నిజంగా కావలసిన ఒక్క పియరును వదిలేసినా, పియరుకు నాలుగు పైళ్ల చొప్పున మిగతా 20 పైళ్లకు 75 టన్నుల పైనే. మిగిలిన నాలుగు చోట్లా బోర్లు వేయించి ఉంటే అయ్యే ఖర్చు ఆ కాంక్రీటు ఖర్చులో ఏ మూలకూ రాదు. కానీ బోర్ల డబ్బు ఒక పద్దు, పైళ్ల డబ్బు మరో పద్దు. మొదటి పద్దులో ఆదా చేసిన అధికారికి మెచ్చుకోలు దక్కుతుంది, రెండో పద్దు పెరిగిందని అడిగే మనిషి ఉండడు.

స్పాన్ ఎంత పెట్టాలన్నదీ ఒకరు తేల్చేది కాదు. పియర్ల మధ్య దూరం పెంచితే పైన గర్డర్లు బరువెక్కుతాయి, కింద పునాదుల సంఖ్య తగ్గుతుంది. చీమకుర్తి వైపులా రాయి పైనే తగిలే నేలలో పునాది చవక, అక్కడ చిన్న స్పాన్లే మేలు. పెన్నా ఇసుకలో బావి పునాదులు దింపాలంటే ఒక్కోటి ఒక పెద్ద కట్టడమే. అక్కడ పియర్లు తగ్గించి స్పాన్ పెంచితే మొత్తం మీద తేలికవుతుంది. పాత ఇంజినీర్లు దీన్ని డబ్బు లెక్కలో ఎప్పుడో చెప్పారు: పైకట్టడం ఖర్చూ కింది కట్టడం ఖర్చూ దగ్గర దగ్గరగా ఉన్న చోట ఆగమని. కర్బన లెక్క కూడా చాలావరకు అదే దారిలో నడుస్తుంది. అయితే నేల గురించి తెలిసిన మనిషి, గర్డర్ల గురించి తెలిసిన మనిషి ఒకే రోజు ఒకే కాగితం మీద వంగితేనే ఆ చోటు దొరుకుతుంది.

మన దగ్గరే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ నీటిని నిలిపే గేట్లనూ, బండ్లు వెళ్లే రోడ్డునూ ఒకే పియర్ల మీద మోస్తున్నాయి. నీటిపారుదల వారు ఒక వరస, రోడ్ల వారు మరో వరస విడిగా కట్టుకుని ఉంటే ఇసుకలో పునాదులు రెండు జతలయ్యేవి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కట్టిన రోజుల్లో కర్బనం అనే మాట ఎవరూ అనుకుని ఉండరు, డబ్బు కలిసొస్తుందని చేసి ఉంటారు. ఫలితం మాత్రం ఒకటే.

పెన్నా దగ్గర కోత పెట్టకూడనిది

ఇంతవరకు చదివి, ‘అయితే అన్నీ సన్నం చేసేద్దాం’ అనుకునేవారికి 2021 నవంబరు గుర్తు చేయాలి. సోమశిల నిండి పెన్నా ఉగ్రరూపం ఎత్తినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. చెన్నై, విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. వంతెన నిలబడినా దానికి రెండు వైపులా ఉన్న కట్ట తెగితే దారి తెగినట్టే. మళ్లీ మట్టి తోలడం, చుట్టుదారిన వేల లారీలు తిరగడం, ఇవన్నీ డీజిలే. లీటరు డీజిలు మండితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ రోజుల్లో రోడ్డు మీద కాలిపోయింది ఎవరి లెక్కలోకి వెళ్లింది?

వరద నీరు పియరు చుట్టూ సుడి తిరిగి అడుగున ఇసుకను తవ్వుకుపోతుంది. దీన్నే కోత అంటాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ప్రకారం నది సగటు కోత లోతు ఎంతో కట్టి, పియర్ల దగ్గర దానికి రెట్టింపు తీసుకోవాలి, పునాది అంతకంటే కిందికి దిగాలి. ఇది చాదస్తం కాదు. మన నదులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలుగా పడి ఉంటాయి, నిద్ర లేచిన నాడు అడుగు అంతా కదులుతుంది. వేసవిలో నది మధ్య నిలబడి పునాది లోతు చూసినవారికి ‘ఇంతెందుకు?’ అనిపించడం సహజం.

కాబట్టి అదనం ఎక్కడ అవసరమో, ఎక్కడ అలవాటో విడదీయగలగాలి. కోత లోతులో అదనం మన నదుల స్వభావానికి ఇచ్చే గౌరవం. క్యూబు పరీక్షకు 28 రోజులే ఆగుతాననడం, రెండు బోర్లతో సరిపెట్టడం, ఒకే సైజు కడ్డీ వాడేయడం, ఇవి అలవాట్లు. ఈ రెండింటినీ విడదీయడం ఒక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషికి సాధ్యం కాదు. డిజైనరుకు వరద లెక్కలో ఎంత అదనం ఉందో తెలిస్తే తన వైపు మళ్లీ వేసుకోడు. వరద ఇంజినీరుకు కట్ట ఎత్తు ఎంతకు కుదించారో తెలిస్తే ఊరుకోడు.

ముత్తుకూరు బూడిద

మళ్లీ బూడిద దగ్గరికి వద్దాం. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం రేవుకు చేరువలో బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి. ఏపీ ప్రభుత్వ రంగంలోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఒక్కటే 800 మెగావాట్ల యూనిట్లతో నడుస్తోంది. పొగ గొట్టంలోకి వెళ్లకుండా పట్టి ఆపిన సన్నని బూడిదే ఫ్లై యాష్. సూక్ష్మదర్శినిలో చూస్తే అది నున్నటి గోళీల కుప్పలా ఉంటుంది, అందుకే కాంక్రీటు తక్కువ నీటితోనే జారుగా కలుస్తుంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం వృథాగా మిగులుతుంది. బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని మరింత జిగురు పదార్థం తయారుచేస్తుంది. ఇది నెమ్మదిగా, వారాల తరబడి సాగే పని. తొట్టిలో మరిచిపోయిన నా మూడు క్యూబులు చెప్పింది ఇదే.

బూడిదను ఒంగోలు దాకా మోయడం దండగ కాదా అని అడిగేవారున్నారు. భారీ లారీ టన్ను బరువును కిలోమీటరు మోసినందుకు సుమారు 100 గ్రాముల వాయువు వదులుతుందనుకుంటే, 150 కిలోమీటర్లకు టన్నుకు 15 కిలోలు. అది తప్పించే సిమెంటు టన్నుకు 850. కళ్లు మూసుకుని మోయవచ్చు. కంకరకు మాత్రం లెక్క తిరగబడుతుంది. టన్ను కంకర కొట్టడానికి అయిదారు కిలోలకు మించి వాయువు రాదు. 100 కిలోమీటర్లు మోస్తే దారిలోనే పది కిలోలు. అంటే బూడిదకు దూరం అడ్డు కాదు, కంకరకు దూరమే భారం. పక్కన క్రషరు, రోబో శాండ్ పెట్టుకుని, ఎక్కడో ఉన్న ‘మంచి’ కంకర కోసం పట్టుబట్టే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. కేంద్రం 2021 డిసెంబరులో ఇచ్చిన బూడిద నోటిఫికేషను కూడా థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్డు పనుల్లో బూడిద వాడి తీరాలంటోంది. ముత్తుకూరు నుంచి గీత గీస్తే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ వాగూ ఆ వలయం దాటదు.

నిండు లెక్క ఇది. 400 కిలోల సిమెంటు బదులు, భద్రత కోసం మొత్తం పొడిని 420 కిలోలకు పెంచి అందులో 30 శాతం బూడిద వేసినా, సిమెంటు 294 కిలోలకు దిగుతుంది. క్యూబిక్ మీటరుకు 90 కిలోల వాయువు తగ్గుతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం తీరంలో దీనికి ఇంకో లాభం ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటు రంధ్రాల గుండా కడ్డీని చేరి తుప్పు పట్టిస్తుంది. బకింగ్‌హామ్ కాలువ మీది పాత వంతెనల కింద నిలబడితే పెచ్చులూడి ఎర్రగా కనిపించే కడ్డీలే సాక్ష్యం. బూడిద, స్లాగ్ (ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన కాంక్రీటు ఆ రంధ్రాలను సన్నబరుస్తుంది. వందేళ్ల ఆయుష్షు ఆశించి కట్టిన వంతెనను నలభై ఏళ్లకే కూల్చి మళ్లీ కడితే, మొదటిసారి పొదుపు చేసిన కిలోలన్నీ వడ్డీతో తిరిగి వస్తాయి.

ఇన్ని లాభాలున్నా ఎందుకు ఆగిపోతోంది? కాలం దగ్గర. లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించే ప్రీస్ట్రెస్ గర్డర్లు పోసే యార్డులో, ఆ లాగుడు తట్టుకోవడానికి నాలుగైదు రోజుల్లోనే బలం కావాలి. సెంట్రింగ్ ఎంత త్వరగా విప్పితే కాంట్రాక్టరుకు అంత డబ్బు. అక్కడ త్వరగా బలం వచ్చే 53 గ్రేడు సిమెంటు నిండుగా వాడతారు, దాన్ని నేను తప్పనను. కానీ అదే సిమెంటును అదే మోతాదులో పునాదుల్లోనూ ఎందుకు పోయాలి? పైళ్ల తలలను కలుపుతూ పోసే పైల్ క్యాప్ మీద పూర్తి భారం పడేసరికి ఆరునెలలు దాటుతుంది. దాని బలాన్ని 56వ రోజు కొలిస్తే ఏ నష్టమూ లేదు. ఇందుకు డిజైనరు ముందే డ్రాయింగు మీద రాయాలి, శాఖ ఒప్పందంలో ఒప్పుకోవాలి, ల్యాబులో క్యూబులు రెండు జతలు పోయాలి, కాంట్రాక్టరు బిల్లు 28 రోజులకు ఆగిపోకుండా ఏర్పాటు ఉండాలి. నలుగురూ కదలాలి. ఒకరు ఆగినా పాత బస్తా తిరిగొస్తుంది. నేను ఆ రోజు ఆగినవాణ్ణి.

ప్లాంటు నిలకడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎం40 కావాలంటే మిక్సును సరిగ్గా 40కి కట్టరు. ప్లాంటు నిలకడ ఎంతో లెక్కలు లేకపోతే, హెచ్చుతగ్గుల కోసం 8.25 అదనంగా కలిపి 48.25కు కట్టాలని భారత ప్రమాణం (ఐఎస్) సూచిస్తుంది. ఇసుక తేమ రోజూ కొలిచి, తూకాలు సరిచూసుకుని, ఫలితాలు రాసిపెట్టుకునే ప్లాంటుకు ఆ అదనం కొంత తగ్గుతుంది. తడి ఇసుకను పొడి ఇసుకగా తూచే ప్లాంటులో ఏ బూడిదా ఎవరినీ కాపాడలేదు.

స్లాగ్ విషయంలో ఒక హెచ్చరిక. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనుము కరిగించే కొలిముల నుంచి వచ్చే స్లాగ్ సిమెంటుకు మంచి బదులే, కానీ మేలురకం స్లాగ్ ప్రపంచమంతా ఇప్పటికే దాదాపు వాడుకలో ఉంది. ఒక వంతెన ఎక్కువ తీసుకుంటే ఇంకో వంతెనకు తగ్గుతుంది. కాగితం మీద నా ఉద్గారాలు తగ్గుతాయి, ఆకాశంలో తగ్గవు. చెరువుల్లో గుట్టలుగా పడి ఉన్న బూడిదతో మన దగ్గర ఇంకా ఆ ఇబ్బంది రాలేదు. బొగ్గు తగ్గే కొద్దీ అదీ వస్తుంది. అందుకే కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి క్లింకరును సగానికి దించే ఎల్‌సీ3 సిమెంటు మీద ఆశలున్నాయి. మట్టిని 800 డిగ్రీలకు అటూ ఇటుగా కాలిస్తే సరిపోతుంది, దాని నుంచి వెళ్లిపోయేది నీటి ఆవిరే. స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో కలిసి ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాసు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. 2023లో మన దేశం దీనికి ఐఎస్ 18189 ప్రమాణం ఇచ్చింది. బస్తా ఊరి దుకాణానికి వచ్చేదాకా చూడాలి.

ఎకరాకు ఎన్ని పుట్లు?

నెల్లూరులో ఇద్దరు రైతులు కలిస్తే మొదట అడిగేది ‘ఎకరాకు ఎన్ని పుట్లు దిగింది?’ అని. ఆ అంకె బయటికి చెప్పుకుంటారు కాబట్టే ఎవరి పొలం బాగా పండిందో, ఎవరిది దెబ్బతిన్నదో ఊరందరికీ తెలుస్తుంది. వంతెనలకు అలాంటి అంకె మన దగ్గర లేదు. డెక్ (బండ్లు నడిచే పైభాగం) చదరపు మీటరుకు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అని అడిగితే ఈ రెండు జిల్లాల్లో చెప్పగలవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా వంతెనకు ఒక అంకె వచ్చిందనుకోండి, అది ఎక్కువో తక్కువో పక్కవారి అంకె తెలియకుండా ఎలా చెప్పను?

బ్రిటన్‌లో వంతెన ఇంజినీర్లు ఈ చిక్కును ముందే గుర్తించారు. అక్కడి ఖజానా శాఖ 2013లోనే మౌలిక నిర్మాణాల మీద ఒక సమీక్ష వెలువరించింది. కర్బనం తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుందని, పని మొదట్లో చేసే నిర్ణయాలకే ఎక్కువ శక్తి ఉందని చెప్పింది. 2016లో పాస్ 2080 అనే ప్రమాణం వచ్చింది, 2023లో దాన్ని సవరించారు. యజమాని, డిజైనరు, కాంట్రాక్టరు, సామగ్రి అమ్మేవారు అందరూ ఒకే గొలుసుగా బాధ్యత పడాలన్నది దాని సారం. ఆ తర్వాత పోటీ సంస్థల్లో పనిచేసే వంతెన ఇంజినీర్లే నెట్ జీరో బ్రిడ్జెస్ గ్రూపుగా చేరారు. చదరపు మీటరు చొప్పున వంతెనలకు, ఫ్రిజ్జు మీద నక్షత్రాల్లాగా, శ్రేణులు ఇచ్చే ప్రయత్నాలూ జరిగాయి. టెండర్లలో కొట్టుకునే సంస్థలు అంకెలు పంచుకోవడానికి ఒకే గదిలో కూర్చోవడమే ఇందులో నాకు నచ్చిన సంగతి.

వారి అంకెలను ఎత్తుకొచ్చి మన వంతెనలకు తగిలించలేం. పుట్టి అన్ని సీమల్లోనూ ఒకే బరువు కాదు, కొలత ఏదో చెప్పకుండా పుట్ల లెక్క చెబితే గొడవే. ఇదీ అంతే. అక్కడి కడ్డీ ఎక్కువగా తుక్కు నుంచి వచ్చింది, మన కడ్డీ వేరు. వారి లెక్కలో కట్టినప్పటి ఉద్గారాలా, వందేళ్ల మరమ్మతులు కూడానా అన్నది తేల్చుకోవాలి. మనకు కావలసింది మన అంకెలే. పెద్ద యంత్రాంగం ఏమీ అక్కరలేదు. పూర్తయిన ప్రతి వంతెనకు తుది బిల్లులో సిమెంటు ఎన్ని టన్నులు, ఉక్కు ఎన్ని టన్నులు అన్నది ఇప్పటికే ఉంటుంది. డెక్ విస్తీర్ణం డ్రాయింగులో ఉంది. ఈ మూడు అంకెలు, పునాది రకం, స్పాన్ పొడవు ఒక పట్టికలోకి ఎక్కిస్తే చాలు. ఒంగోలు, నెల్లూరు సర్కిళ్లలో పదేళ్ల పనులు పేర్చి చూస్తే ఏ వాగు మీద ఎన్ని ‘ఎందుకైనా మంచిది’లు పేరుకున్నాయో ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది.

టిప్పర్లు నిలబడిన రాత్రి

అన్నిటికంటే తేలికైన వంతెన, కొత్తగా కట్టనవసరం లేని వంతెన. నాకు ఇష్టమైన పని కూడా అదే కాబట్టి కాస్త పక్షపాతం ఉండవచ్చు.

కొన్నేళ్ల కిందట పాత ఆర్‌సీసీ వంతెన ఒకటి ‘పనికిరాదు, కూల్చి కొత్తది కట్టాలి’ అన్న దశకు వచ్చింది. రెయిలింగు విరిగింది, రోడ్డు కలిసే చోట గుంతలు, పైన బండి వెళ్తే కింద దడదడ. చూసిన ప్రతివారూ కొత్తదే మేలన్నారు, ఎందుకైనా మంచిదని. డిజైన్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం ముందు బరువు పెట్టి చూద్దామన్నారు. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతి ఉంది. లెక్క కట్టిన బరువును మెట్లుమెట్లుగా స్పాన్ మీదికి ఎక్కించి 24 గంటలు ఉంచాలి. తీసేశాక మరో 24 గంటలకు వంగినదాంట్లో ఆర్‌సీసీ అయితే కనీసం 75 శాతం, ప్రీస్ట్రెస్ అయితే 85 శాతం తిరిగి లేవాలి.

ఇసుక నింపిన టిప్పర్లను కాటా వేయించి, సుద్దతో గీసిన గుర్తుల మీద ఒక్కొక్కటిగా నిలబెట్టాం. వాగులో పరంజా మీద, గర్డరు అడుగుకు ఆనించి, వంపును కొలిచే డయల్ గేజీలు. గంటగంటకూ టార్చి వేసి చదవాలి, పక్కనే ఉష్ణోగ్రత రాయాలి. ఎండకు కాంక్రీటే పెరుగుతుంది, తరుగుతుంది, దాన్ని వంపుగా పొరబడకూడదు. రాత్రి రెండు గంటలకు ఆ వంతెన కింద డిజైనరు, రోడ్ల శాఖ ఏఈ, ల్యాబు కుర్రవాడు, కాంట్రాక్టరు మేస్త్రీ, నేను ఒకే చాప మీద కూర్చుని ఉన్నాం. నా ఉద్యోగంలో అంతమంది ఒకే వంతెన గురించి ఒకే చోట మాట్లాడుకోవడం అదే మొదటిసారి. పియరుకీ గర్డరుకీ మధ్య ఉండే బేరింగు బిగుసుకుపోయి దడదడ వస్తోందని మేస్త్రీ చెప్పాడు. డిజైనరు తన కాగితంలో ఆ బేరింగు స్వేచ్ఛగా జరుగుతుందనే రాసుకున్నారు. ఆయన లేచి వెళ్లి టార్చితో చూసి వచ్చి, లెక్క పక్కన ఏదో దిద్దుకున్నారు.

మధ్య గర్డరు అత్యధికంగా 6.2 మిల్లీమీటర్లు వంగింది. టిప్పర్లు దిగిపోయిన మర్నాడు అదే వేళకు ల్యాబు కుర్రవాడు గేజీ ముందు మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన వంపు చదివాడు: 0.9. బేరింగులు, జాయింట్లు, రెయిలింగు మార్చమని రాసి, కింద నలుగురం సంతకాలు పెట్టాం.